బావి గట్టు మీద టైంపీసు

ఇప్పటికీ నేను అలారం పెట్టుకోను. తెల్లవారుజామున బండి అందుకోవలసిన రోజున కూడా పెట్టుకోను. ఈ వయసులో కూడా ఎవరూ లేపకుండా లేస్తానని మనవరాళ్లకు నేనంటే గొప్ప. అనుకోనీలే అని ఊరుకుంటాను. నిజం చెప్పాలంటే నాకు ఆ మోత పడదు. పక్కింట్లో ఎవరి అలారమో మోగినా నా చేతులు చల్లబడతాయి. డాక్టరుకు చెప్తే బీపీ అన్నాడు. ఆయనకేం తెలుసు పాపం.

మా పుట్టిల్లు రాజంపేట. మా నాయన పసుపు వ్యాపారం చేసేవాడు. వారానికి రెండుసార్లు పొద్దున్నే రైలెక్కి కడపకు పోవాలి. ఆ రోజుల్లో మా వీధిలో ఎవరింట్లోనూ గడియారం లేదు. పక్క వీధి మసీదులో పొద్దుటి నమాజు పిలుపు వినిపిస్తే మా అమ్మ లేచి వాకిలి ఊడ్చేది. పాడి ఉన్నవాళ్లు వేగుచుక్క చూసి లేచేవాళ్లు. ఇక కోళ్ల సంగతి చెప్పక్కర్లేదు. మా వీధిలో ఒక పుంజు నడిరేయి కూసి అందరినీ లేపేది. విసిగిపోయి దాన్ని కోసుకుని తిన్నారు. దాని కొడుకు పెద్దదై అదే పని మొదలుపెట్టింది.

ఒక నెలలో రెండుసార్లు బండి తప్పిపోయేసరికి నాయనకు తిక్క రేగింది. మద్రాసుకు పోయినప్పుడు పాత సామాన్ల అంగట్లో గీచి గీచి బేరమాడి ఒక అలారం టైంపీసు కొనుక్కొచ్చాడు. గుండ్రటి ముఖం, మూడు పొట్టి కాళ్లు, నెత్తి మీద రెండు గిన్నెలు, వాటి మధ్య చిన్న సుత్తి. వెనక రెండు కీలు, ఒకటి ముళ్లు నడవడానికి, ఒకటి బెల్లుకు. చీకట్లో దాని అంకెలు పచ్చగా మెరిసేవి. పగలు కూడా ఆ మెరుపు చూడాలని నేనూ మా చెల్లెళ్లూ దాన్ని దుప్పట్లో పెట్టుకుని దూరేవాళ్లం.

"జర్మనీ సరుకు" అని అంగడివాడు చెప్పాడట. నాయన ఆ మాట ఊరంతా చెప్పాడు. అయితే ఆ జర్మనీ సరుకుకు ఒక రోగం ఉండేది. నిలబెడితే కాసేపటికి ఆగిపోయేది. బోర్లా పడుకోబెడితే చక్కగా నడిచేది. టైము చూడాలంటే పైకెత్తి, చూసి, మళ్లీ మెల్లగా పడుకోబెట్టాలి. దాన్ని కూడా నాయన గొప్పగానే చెప్పుకున్నాడు. "పండుకోని గూడా పని చేస్తాది. మీ మాదిరి కాదు" అనేవాడు మమ్మల్ని చూసి.

అది వచ్చాక మా అమ్మకు నిద్ర పోయింది. ఎప్పుడు గొల్లుమంటుందో, చంటి చెల్లెలు ఎక్కడ దడుచుకుంటుందో అని భయం. బెల్లు కొట్టేలోపే లేచి కూర్చుని, దాని నెత్తిన బొడిపె నొక్కి ఆపేసేది. నాయన లేచి, "సూసినావా, ఎంత టైముకు లేపిందో!" అని టైంపీసును మెచ్చుకునేవాడు. అమ్మ పొయ్యి ముట్టించడానికి పోయేది.

వీధిలో వాళ్లకు మాత్రం అదంటే మోజు. పరీక్షలకు చదివే పిల్లల తండ్రులు వచ్చి అడిగి పట్టుకుపోయేవాళ్లు. ఎవరింట్లోనైనా కాన్పు జరుగుతుంటే, బిడ్డ పుట్టిన ఘడియ రాసుకోవడానికి మా టైంపీసు గుడ్డలో చుట్టుకుని వెళ్లేది. ఎనిమిదో తరగతి దాకా చదివింది ఇంట్లో నేనే కాబట్టి దానితో పాటు నేనూ వెళ్లేదాన్ని. అందులో ఏముంది అంత ఆకర్షణ అని తరువాత చాలాసార్లు ఆలోచించాను. మనిషి మనిషిని లేపితే ఎంతో కొంత విసుగు ఉంటుంది, లేచినవాడికి మొహమాటం ఉంటుంది. దానికి ఆ రెండూ లేవు. ఉన్నవాడికీ లేనివాడికీ ఒకే మోత మోగేది. అంత నమ్మకంగా ఉండే వస్తువును మా వాళ్లు అంతకుముందు చూడలేదు.

నాకు పెళ్లయి అత్తగారింటికి పోయేటప్పుడు నాయన దాన్ని నా ఒళ్లో పెట్టాడు. "కీ ఇచ్చేది నువ్వే గదమ్మా, నీ చేతికి అలవాటు పడినాది. తీసుకోని పో" అన్నాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నా కోసమో, టైంపీసు కోసమో అప్పుడు తెలియలేదు.

మా అత్తగారి ఊరు రాజంపేటకు దూరమేమీ కాదు. రైలు కట్టకు రెండు మైళ్లు. అత్తా మామా అప్పటికే లేరు. అన్నదమ్ములిద్దరూ నేను రాకముందే వేరుపడ్డారు. ఇంటి మధ్యన గోడ లేచింది. పొలం చెరి సగం అయింది. బావిని మాత్రం చీల్చలేరు కదా, అది ఇద్దరికీ ఉమ్మడి. ఆ బావి నీళ్లనే నమ్ముకుని ఇద్దరూ చీనీ, అంటే బత్తాయి, చెట్లు పెట్టారు. కోడూరు నుంచి ఒకే బండిలో వచ్చిన మొక్కలు. మధ్యలో గట్టు, గట్టుకు ఇటు మావి, అటు మా బావవి. నేను కాపురానికి వచ్చేటప్పటికి నడుము ఎత్తు ఉన్నాయి. ఇంకో రెండేళ్లు ఎండాకాలం దాటిస్తే కాపుకు వస్తాయని ఇద్దరూ రోజూ అనుకునేవాళ్లు. ఆ చెట్లు బతికితే మేము ఊళ్లో ఉంటాం, లేకపోతే కూలికి పోతాం. రెండిళ్లలోనూ వేరే మాట లేదు.

నీళ్లు తోడేది కపిలతో. జత ఎద్దులను కట్టి, పెద్ద తోలు సంచిని బావిలోకి దించి, వాలు బాటలో ఎద్దులను తోలితే నీళ్లు పైకి వచ్చి తొట్టిలో పడేవి. తెల్లవారితే మా వంతు. రాత్రంతా ఊరిన నీళ్లు మాకు వస్తాయి కాబట్టి మా వంతు పది గంటలకే అయిపోవాలి. అక్కడి నుంచి పొద్దు మునిగేదాకా బావ వంతు. ఆ పది గంటలు తెలుసుకోవడానికి మా మామ బతికున్నప్పుడే బావి గట్టు మీద ఒక నిలువు రాయి పాతాడు. తొట్టి అంచున ఉలితో ఒక గీటు పెట్టించాడు. రాయి నీడ గీటును తాకితే వంతు మారినట్టు.

మామ పోయాక ఆ నీడే కొంప ముంచింది. మబ్బు పట్టిన రోజు నీడ ఉండదు. ఎండ కాసిన రోజు తాకిందని ఒకరు, తాకలేదని ఒకరు. రాయిని ఎవరో జరిపారని ఒకసారి మాటా మాటా పెరిగి, అన్నదమ్ములిద్దరూ మూడు నెలలు మాట్లాడుకోలేదట. నేను వచ్చి చేరింది ఆ మూడు నెలల తరువాతే.

టైంపీసు సంగతి మా ఆయనే అన్నతో చెప్పాడు. మరుసటి రోజే దాన్ని గుడ్డ పరిచిన తట్టలో పెట్టి బావి దగ్గరికి తీసుకుపోయాను. పది గంటలకు బెల్లు మోగేట్టు పెట్టాను. తొట్టి పక్కన బోర్లా పడుకోబెట్టాను. అది మోగింది. మా ఆయన మారుమాట లేకుండా ఎద్దులను విప్పాడు. బావ తన ఎద్దులను తోలుకొచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. 'ఇక చాలు' అని తమ్ముడికి చెప్పాల్సిన బాధ అన్నకు తప్పింది. ఆ సాయంత్రం మా తోటికోడలు గోడ మీంచి నాకు గోంగూర పచ్చడి అందించింది.

ఇద్దరికీ చదువు లేదు. ముళ్లు చూసి టైము చెప్పడం నాకొక్కదానికే వచ్చు. టైంపీసు రోజుకు పది నిమిషాలు వెనకబడేది. దాన్ని సరిచేసేది నేనే. పొద్దున ఐదున్నరకు మెయిలు బండి వంక మీది వంతెన దగ్గర కూత వేసేది. ఆ కూత వినగానే ముళ్లు ఐదున్నరకు తిప్పేదాన్ని. బావ రోజూ పనిగట్టుకుని వచ్చి, "ఎంతయిందమ్మా?" అని అడిగేవాడు. ఆయనకు టైముతో పనేమీ ఉండదు. నేను చెప్తుంటే వినడం ఆయనకు సరదా. "మా మరదలు సదువుకున్నది" అని దారిన పోయేవాళ్లకు కూడా చెప్పేవాడు.

వరసగా రెండో ఏడు వానలు లేవు. కర్నూలు రాజధాని అవుతుందట అని ఊళ్లో చెప్పుకుంటున్న ఏడు అది. ఎండలు ముదిరేసరికి బావిలో మెట్లు ఒక్కొక్కటే బయటపడ్డాయి. మా వంతులోనూ అన్ని వరసలకూ నీళ్లు అందేవి కావు. చివరి రెండు వరసల చెట్ల ఆకులు మధ్యాహ్నానికి ముడుచుకుపోయేవి. మా ఆయన ఆ రెండు వరసల వైపు చూడటమే మానేశాడు.

ఒకరోజు మెయిలు కూత ఎంతకీ వినపడలేదు. తెల్లారింది, ఎద్దులను కట్టారు, కపిల మొదలైంది. నేను పెరట్లో టైంపీసు చేత్తో పట్టుకుని నిలబడ్డాను. అది ఆరుంబావు దాటి చూపిస్తోంది. అప్పుడు కూత వినిపించింది. నేను ముళ్లు వెనక్కి, ఐదున్నరకు తిప్పేశాను. పొద్దు ఎక్కుతోంది కదా అని తోచలేదా అంటే, తోచింది. ఎండాకాలం గదా, తొందరగా తెల్లారిందిలే అనుకున్నాను. టైంపీసే ముందుకు పరిగెత్తిందనుకున్నాను. రైలు సర్కారుది. టైంపీసు మా నాయన బేరమాడి తెచ్చింది. రెంటిలో దేన్ని నమ్మాలో నాకు అనుమానమే రాలేదు.

మధ్యాహ్నం అన్నానికి వచ్చిన మా ఆయన మొహంలో వెలుగు చూసి చాలా రోజులైంది. "ఈ పొద్దు కడాకు రెండు వరసలు గూడా తడిసినాయి. ఎట్ల వచ్చినాయో నీళ్లు!" అన్నాడు. ఆయన చేయి కడుక్కుంటుండగానే పోస్టు ఇచ్చే ఆయన వాకిట్లో నీళ్లు తాగుతూ, "మెయిలు గంట లేటమ్మా ఈ పొద్దు. అందుకే సంచి ఆలస్యమైపాయ" అన్నాడు. మా ఆయనకు ఆ మాట మామూలు మాట. నాకు మాత్రం పొద్దున ముళ్లు వెనక్కి తిప్పింది గుర్తొచ్చింది.

మరుసటి రోజు పొద్దున మెయిలు టైముకే వచ్చింది. కూత విన్నాను. టైంపీసు ఎత్తి చూస్తే నాలుగుంబావు దాటింది. వెనక కీ రెండు వేళ్ల మధ్య పట్టుకున్నాను. సాయంత్రం చూసిన ఆ రెండు వరసలు గుర్తొచ్చాయి. ఆకులు విచ్చుకుని, చేత్తో తాకితే మెత్తగా ఉన్నాయి. ఒక్క రోజు, ఈ ఒక్క రోజు అనుకున్నాను. ఆ కూత ఐదున్నరదని తెలిసి, ముళ్లు నాలుగున్నరకు తిప్పాను.

ఆ తరువాత రోజూ అదే చేశాను. ఎవరూ చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా తెలియదు. ఆయనకు తెలిస్తే ఒప్పుకునేవాడు కాదు, అందుకే చెప్పలేదు. వయసు చిన్నదని, భయమని, ఇంకేదో అని ఇప్పుడు చెప్పుకోవచ్చు. కానీ నేను నీళ్లు దొంగిలించాను. బిందెతో దొంగిలిస్తే పట్టుకునేవాళ్లు. నేను ముల్లుతో దొంగిలించాను.

పది రోజులకు మా తోటికోడలు గోడ దగ్గరికి వచ్చింది. "ఏం మ్మే, మా వంతు మొదలైన కొంచేపటికే బావి అడుగు కనపడ్తాండాది. ఆ బెల్లు సరిగ్గా కొడ్తాండాదా?" అంది.

"కొడ్తాండాది అక్కా" అన్నాను.

"ఏమో. మా చెట్లు యిట్లనే ఉంటే ఈ నెల దాటవు" అని వెళ్లిపోయింది. ఆమె గొంతులో నా మీద అనుమానం లేదు. ఉండుంటే బాగుండేది.

ఆమె పోరు పడలేక బావ మరునాడు రాయి చూద్దామని బావి దగ్గరికి వచ్చాడు. మా ఆయనను కూడా పిలిచాడు. నేను టైంపీసు పట్టుకుని తొట్టి పక్కనే నిలబడ్డాను. బెల్లు మోగింది. ముగ్గురం నీడ వైపు చూశాం. రాయి నీడ గీటును ఎప్పుడో దాటిపోయి, జానెడు అవతల ఉంది. అడిగితే చెప్పేద్దామనే అనుకున్నాను. ఒట్టు, ఆ క్షణంలో చెప్పేసేదాన్నే.

బావ నీడను చూశాడు. టైంపీసును చూశాడు. మళ్లీ నీడను చూశాడు.

"రాయి కదిలినాది" అన్నాడు.

"యాడ కదిలిందన్నా? బాగనే ఉండాది గదా" అన్నాడు మా ఆయన.

"ఎద్దులు రాసుకోని కదిలింటాది లేప్పా. గడియారం రైలును బట్టి పోతాది. రాయికేం తెలుసు?"

గడ్డపార తెచ్చి, వాళ్ల నాయన పాతిన రాయిని పెకిలించాడు. నీడ గీటును తాకేదాకా రాయిని అటూ ఇటూ జరిపించి, చుట్టూ గులకరాళ్లు కూరి, మన్ను పోసి, కాలితో తొక్కాడు. చెమట తుడుచుకుంటూ నా వైపు తిరిగాడు. "ఏమ్మా, యిప్పుడు సరిపాయనా?" అన్నాడు.

"సరిపోయింది బావా" అన్నాను.

ఆ తరువాత చెప్పడానికి దారి లేకుండా పోయింది. టైంపీసు ఒక్కటైతే పొద్దున్నే సరిచేసి ఊరుకునేదాన్ని. ఇప్పుడు రాయి కూడా దానికి సాక్ష్యం చెప్తోంది. ముళ్లు సరిచేస్తే రాయి తప్పని తేలుతుంది. రాయి ఎందుకు తప్పయిందో అడుగుతారు. తప్పు చేసింది నేనైతే, దాన్ని భూమిలో పాతి తొక్కింది ఆయన.

బావ చెట్లు ముందు పోయాయి. ఒక వరస తరువాత ఒక వరస ఆకులు రాల్చాయి. బెరడు ఎండి చిట్లింది. ఆయన వాటిని కొట్టి కట్టెలు చేసి పెరట్లో పేర్చాడు. మా తోటికోడలు ఒక మోపు తెచ్చి మా వసారాలో పడేసి, "పొయ్యిలోకి వస్తాయి మ్మే, పచ్చివి గావు, బాగా మండ్తాయి" అంది. ఆ కట్టెలతో వండిన అన్నం నేను తిన్నాను. తినకపోతే ఎందుకని అడుగుతారు కదా.

మా చెట్లు కూడా మిగల్లేదు. బావ చెట్లు పోయిన నెలకే బావిలో ఊట పూర్తిగా ఆగిపోయింది. కపిల సంచి దించితే బురద వచ్చింది, తరువాత అదీ రాలేదు. ఆ గంట నీళ్లు మా చెట్లకు ఇచ్చింది ఒక్క నెల ఆయుష్షు. ఆ నెల కోసం నేను చేసిన పని అది.

వానాకాలం పేరుకు వచ్చి పోయింది. మా తోటికోడలు పిల్లలను తీసుకుని పుట్టింటికి వెళ్లింది. ఒకరోజు పొద్దున బావ మూట కట్టుకుని మా వాకిట్లోకి వచ్చాడు.

"కర్నూల్లో ఆఫీసులు పెడ్తాండారంట, గుడారాలు ఏస్తాండారంట. కూలి శానా దొరుకుతాదంటాండారు. పోతాండా" అన్నాడు. నా వైపు తిరిగాడు. "అమ్మా, ఆ టైంపీసు నాకిస్తావా? ఆడ పనికి టైముకు పోకపోతే రానీయరంట. ఈడ యింగ దాంతో ఏం పని ఉండాది?"

"అడగాల్నా అన్నా, తీసుకోని పో" అన్నాడు మా ఆయన.

లోపలికి వెళ్లి తెచ్చాను. అది అప్పటికీ గంట వెనకే నడుస్తోంది. రాయితో సరిపోయేట్టు రోజూ దాన్ని అలాగే తిప్పుతూ వచ్చాను, నీళ్లు లేకపోయినా. ఇద్దరూ వాకిట్లో నన్నే చూస్తున్నారు. ఇప్పుడు ముల్లు తిప్పితే ఎందుకంటారు. స్టేషన్లో పెద్ద గడియారం ఉంటుంది, అక్కడ ఎవరో ఒకరు సరిచేసి ఇస్తారులే అనుకున్నాను. పగటి పాసింజరు పన్నెండు గంటలకు. బయలుదేరాల్సిన టైముకు ముళ్లు ఎలా ఉంటాయో బావకు చూపించి, ఎలా పడుకోబెట్టాలో, ఏ కీ ఎంత తిప్పాలో చెప్పి ఇచ్చాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. ఆ గంట తేడాకు ఈ బండే తప్పుతుందని నాకప్పుడు తట్టలేదు.

పొద్దు వాలుతుండగా బావ తిరిగి వచ్చాడు.

"ఏందన్నా?" అన్నాడు మా ఆయన.

"బండి పోయింది."

"అదెట్ల? టైముకే పోయినావు గదా?"

"పొయ్యేతలికే పోయిండాది" అన్నాడు. మూటలోంచి టైంపీసు తీసి గుడ్డ మీద బోర్లా పెట్టాడు. కాళ్లు కడుక్కోవడానికి ఆయన బయటికి వెళ్లినప్పుడు ఎత్తి చూశాను. ముళ్లు సరిగ్గా ఉన్నాయి. స్టేషన్లో ఎవరో సరిచేసి ఇచ్చారు. ఎంత వెనకబడిందో కూడా చెప్పే ఉంటారు. ఆ రాత్రి నేను అన్నం వడ్డిస్తే తిన్నాడు. మజ్జిగ పోయబోతే చేయి అడ్డం పెట్టాడు. ఎంతయిందమ్మా అని అడగలేదు.

మరునాడు పొద్దున ఆయన కనపడలేదు, టైంపీసూ లేదు. పెరట్లో అంట్లు తోముతుంటే బావి వైపు నుంచి బెల్లు మోగింది. చేతుల బూడిద కూడా కడుక్కోకుండా వెళ్లాను. బావ గడ్డపార పక్కన పడేసి, రాయి చుట్టూ మన్ను తొక్కుతున్నాడు. నీడ సరిగ్గా గీటు మీద ఉంది. బావిలో చుక్క నీళ్లు లేవు. గట్టుకు ఇటూ అటూ మోడులే.

అలికిడికి తలెత్తి నన్ను చూశాడు. నేను అలవాటులో చేసిన పొరపాటనుకున్నాడో, కావాలని చేశానని తెలుసుకున్నాడో ఈ రోజుకూ నాకు తెలియదు. ఒక్క మాట తిట్టలేదు. తిడతాడనే నేను కదలకుండా నిలబడ్డాను. చేతులకు అంటిన మన్ను దులుపుకుని, మూట భుజాన వేసుకుని, నా పక్క నుంచే నడిచి వెళ్లిపోయాడు. టైంపీసు తొట్టి మీద బోర్లా పడి ఉంది. దాని టిక్కు టిక్కు వినపడుతోంది.

కాసేపటికి మా ఆయన వచ్చాడు. టైంపీసు చూసి నాలుక కరుచుకున్నాడు. దారి వైపు నాలుగడుగులు పరిగెత్తి, చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, అన్న కనపడక వెనక్కి వచ్చాడు. దాన్ని ఎత్తి, పైపంచెతో మన్ను తుడిచి, నా చేతిలో పెట్టాడు.

"పాపం, మర్చిపోయి పాయ సూడు. ఆడ పొద్దన్నే ఎట్ల లేస్తాడో ఏమో" అన్నాడు.

నేను దాన్ని కొంగులో చుట్టుకుని ఇంటికి నడిచాను.